కోటు లోపలి పసుపు వేలు

నేను మోస్తున్నదాన్ని తూకం వేస్తే చిటికెడు పసుపు కూడా ఉండదు. అయినా ఆరేళ్ళుగా దించుకోలేకపోతున్నాను. ఎందుకింత బరువు? భయం ఉంది, సిగ్గు ఉంది, కానీ ఈ మధ్య వాటిని మించి తెలుసుకోవాలన్న ఆరాటం పెరిగింది నాలో. నేనేనా ఆ పని చేసింది? చేస్తున్నప్పుడు నా లోపల ఏం నడిచింది? ఇంకొకరి గురించి అయితే ఎంత ఆసక్తిగా తవ్వుతానో, నా గురించి అలా ఒక్కసారైనా తవ్వి చూడాలనిపించింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పాప పడుకుంది. మధ్యమధ్యలో లేచి వెళ్ళి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి వస్తున్నాను. దానికి జలుబు కూడా లేదు. నాకలా అలవాటైపోయింది. ఈ రాత అక్కడక్కడా తెగినట్టుంటే అందుకే అనుకోండి.

నేను రాజమండ్రిలో ఆడవాళ్ళకి బట్టలు తయారుచేస్తాను. ఆ చదువే చదువుకున్నాను. నేను చేసేదాన్ని స్లో ఫ్యాషన్ అంటారు. "అందులో స్లో అన్న మాట మాత్రం నిజం" అంటారు మా అత్తగారు. ఒక్కో బట్ట చేతికివ్వడానికి నెల పైనే తీసుకుంటాను మరి. ఒక మనిషి బీరువాని కొన్నేళ్ళ మీద మెల్లగా సమకూరుస్తూ రావడం నా పని. ముందు వాళ్ళింటికి వెళ్ళి బీరువా తెరిపించి చూస్తాను. ఏది పదేపదే కడుతున్నారు, ఏది ఒక్కసారి కట్టి మడతపెట్టేశారు, ఎందుకు? ఆ 'ఎందుకు' నాకు చాలా ఇష్టం. ఒకామె మంచి చీరలన్నీ పక్కనపెట్టి రంగు వెలిసిన ఒక్కదాన్నే కడుతుంటే, అందులో ఏముందో తెలిసేదాకా నాకు తోచదు. తెలిశాక కొన్నే బట్టలు, చేనేతలో, కాలేజీకీ పెళ్ళికీ అన్నవరం కొండకీ బస్సులో నిలబడి వెళ్ళడానికీ పనికొచ్చేలా చేస్తాను. రవికకి వదిలినట్టే అన్నిటికీ లోపల గుడ్డ బాగా వదులుతాను. ఒళ్ళు వస్తుంది, తగ్గుతుంది, కడుపుతో ఉంటాం, బాలింతలం అవుతాం. బట్ట మనతో పాటు మారాలి. చిరిగితే పారేయకండి, నాకు పంపండి, ఎన్నేళ్ళయినా నేనే బాగుచేస్తాను అని ప్రతి ఒక్కరికీ మాటిస్తాను.

మాట అని రాసి కాసేపు ఆగిపోయాను.

మొదట్లో నా దగ్గరికి వచ్చినవాళ్ళలో సుభద్ర గారు ఒకరు. ఇది ఆవిడ అసలు పేరు కాదు. రావులపాలెం వైపు మనిషి. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్తారు. అప్పటికి యాభై దగ్గర పడుతున్నారు. నేను బీరువాలో బట్టలు ఎలా తగ్గిస్తానో చెప్తుంటే విని, "అంటే ఇక చీరలు కొనొద్దంటావు. మా ఆయన వింటే నీకు గుడి కట్టిస్తారమ్మాయ్" అని పెద్దగా నవ్వారు. నాకు ఆవిడ వెంటనే నచ్చేశారు.

ఆవిడ బీరువాలో అడుగు అరలో, పాత దుప్పటి మడతలో ఒక చీర ఉంది. మీగడ రంగు నూలు చీర, సన్నటి ముదురాకుపచ్చ అంచు. పెట్టిన గంజి పెట్టినట్టే ఉంది. వాళ్ళమ్మగారిది. ఆవిడకి అరటితోట పనే లోకమట. గెలలు మోయించడం, ఆకులు కోయించడం, అన్నీ దగ్గరుండి చూసుకునేవారట. ఒంటి మీది ప్రతి చీరకీ, కోస్తే కారే అరటి కసరు మరకలే. చీర చిరిగినా ఆ మరక పోదు కదా. ఈ చీర మాత్రం ద్రాక్షారామం వెళ్ళడానికని కొనుక్కున్నారు. కొత్త బట్ట కట్టుకునే ముందు మూలకి పసుపు పెడతాం కదా, అలాగే తడి పసుపులో బొటనవేలు ముంచి చెంగు మూల అద్దారు. మడతపెట్టి బీరువాలో పెట్టారు. ఆ ప్రయాణం జరగలేదు. ఆ చీర కట్టుకోకుండానే పోయారు.

నీళ్ళూ ఎండా తగలలేదు గనుక ఆ వేలిగుర్తు అలాగే ఉండిపోయింది. ముదిరిన పసుపు, కొంచెం గోధుమ రంగులోకి దిగి. మూలకి కాస్త ఎడంగా, పక్కకి ఒరిగినట్టుగా ఉండేది.

"నేను కట్టుకుందామంటే, అమ్మ కట్టుకోకుండా పోయిందే అనిపిస్తుంది" అన్నారు సుభద్ర గారు. "దాచి ఉంచితేనేమో, ఇంకా ఎప్పుడో వచ్చి కట్టుకుంటుందేమో అనిపిస్తుంది. పిచ్చి. రెండూ కాకుండా ఇంకేదైనా చెయ్యమ్మా. కాకపోతే ఒక్కటి. ఈ మూల ఎవరికీ కనపడక్కర్లేదు గానీ లోపల ఎక్కడో ఉండాలి. ఇది తడపొద్దు."

సరేనండి అన్నాను.

దాన్ని పొడుగు కోటు చేద్దామనుకున్నాను. కాలరు లేకుండా, మోకాళ్ళ దాకా, రెండు లోతైన జేబులతో. చలికాలం బస్సులో చీర మీద వేసుకోవచ్చు, ఎండాకాలం క్లాసులో కుర్తా మీద వేసుకోవచ్చు. ఆ పసుపు మూల ముందు పట్టీ లోపలి వైపు, సరిగ్గా గుండె దగ్గర వచ్చేలా గీసుకున్నాను.

ఇక్కడ నా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. చేనేత నూలుని నేను తడపకుండా కత్తిరించను. గంజి వదిలేదాకా నానబెట్టి, ఉతికి, ఆరేసి, అది ముడుచుకోవాల్సినంత ముడుచుకున్నాకే కత్తెర పెడతాను. ఒక్క మూల తడపకుండా వదిలేస్తే, తర్వాత ఎప్పుడో కోటు ఉతికినప్పుడు ఆ పట్టీ ఒక్కటే లాగేసి ముందు భాగం వంకరపోతుంది. ఇది నిజమే. కానీ దారులున్నాయి. ఆ మూలని ముందే కత్తిరించి, వెనక ఇంకో గుడ్డ వేసి, చిన్న అతుకులా లోపల కుట్టొచ్చు. ఆ దారి నాకు ఆ రోజే తెలుసు. కాలేజీలో మొదటి ఏడాది నేర్పే పని అది.

మొత్తం చీర ముంచేశాను.

సబ్బు తగిలితే పసుపు ఎర్రబడడం మనందరం వంటింట్లో చూసిందే. ఆ వేలిగుర్తు నీళ్ళలో కుంకుమలా లేచింది. ఉలిక్కిపడి తీసి మంచినీళ్ళలో జాడించాను. మళ్ళీ పసుపుపచ్చగా మారింది. పలచబడింది గానీ పోలేదు. వేలు వేలులాగానే ఉంది. అప్పుడైనా నీడపట్టున ఆరేసి ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు. డాబా మీద ఆరేశాను. వేసవి ఎండ. సాయంత్రం దించేసరికి ఆ మూల మీగడ రంగు తప్ప ఏమీ లేదు.

తర్వాత నేను చేసింది వరసగా చెప్తాను, నన్ను నేను పక్కనుంచి చూస్తున్నట్టు. వంటింట్లోకి వెళ్ళాను. గిన్నెలో పసుపు కలిపాను. చీర రెండో కొస నుంచి చిన్న ముక్కలు కత్తిరించి, వాటి మీద నా కుడి బొటనవేలు అద్ది చూశాను. మొదటిది చిక్కగా పడింది. తర్వాతది మరీ పచ్చగా, నిన్న పెట్టినట్టు. టీ డికాక్షన్ చుక్క కలిపితే పాతబడ్డ రంగు వచ్చింది. వచ్చినప్పుడు, సిగ్గుపడి చెప్తున్నాను, నాకు సంతోషం వేసింది. పని కుదిరినప్పుడు వేసే సంతోషమే. మూలకి కాస్త ఎడంగా, పక్కకి ఒరిగినట్టు, అద్దాను. ఫ్యాను కింద ఆరబెట్టాను.

కోటు బాగా వచ్చింది. సుభద్ర గారు వేసుకుని అద్దంలో ఇటూ అటూ తిరిగి చూసుకున్నారు. జేబుల్లో చేతులు పెట్టుకుని, "ఇదేంటమ్మా, లాయర్‌లా ఉన్నాను" అన్నారు. తర్వాత ముందు పట్టీ తిప్పి చూశారు. చాలాసేపు చూశారు.

"మా అమ్మ వేలు ఇంత చిన్నదాండీ?" అన్నారు. ఎప్పుడూ అమ్మాయ్, అమ్మా అనే మనిషి అప్పుడు మాత్రం నన్ను అండీ అన్నారు. నన్ను అడుగుతున్నట్టు లేదు.

నేను కోటు కింది అంచు సరిచేస్తున్నట్టు వంగాను.

"చిన్నప్పుడు చూసింది కదా, పెద్దదనిపించి ఉంటుంది" అని ఆవిడే జవాబు చెప్పుకున్నారు. తన బొటనవేలు దాని పక్కన పెట్టి చూసుకున్నారు. "చూడు, నాకన్నా సన్నం. అవున్లే, మా అమ్మవి చిన్న చేతులే. వీపు మీద పడితే మాత్రం పెద్దవే." నవ్వారు. నవ్వుతూనే అడిగారు.

"తడపలేదు కదమ్మా?"

"లేదండి."

అంతే. ఆరేళ్ళుగా నేను మోస్తున్న మాట అదే. ఆ ప్రశ్న ఆవిడ నాకు ఇచ్చిన అవకాశమని కూడా అప్పుడు తోచలేదు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఆ చేతుల్లో ఆ వేలు కూడా ఉంది.

ఆ కోటుతోనే నాకు పేరొచ్చింది. సుభద్ర గారు కాలేజీలో అందరికీ చూపించారు. స్టాఫ్ రూములో పట్టీ తిప్పి ఆ గుర్తు చూపించి, "ఈ అమ్మాయి మా అమ్మని కోటులో పెట్టి ఇచ్చింది" అనేవారట. విన్నవాళ్ళు వచ్చారు. నాకూ అలా కావాలి, మా నాయనమ్మ చీర ఉంది, మా అక్క చీర ఉంది అన్నారు. మెల్లగా అది నా పద్ధతి అయిపోయింది. ఇప్పుడు నేను ఏ బట్ట ఇచ్చినా, వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళకి బాగా కావలసిన మనిషి చేత లోపలి అంచున పసుపు వేలు వేయించి గానీ ఇవ్వను. వాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. ఫొటోలు తీసుకుంటారు. ఇన్ని నిజమైన వేళ్ళు ఒక దొంగ వేలు వెనకాల వరసకట్టాయి. అవన్నీ నిజమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. నిజమే. అందుకే ఇంకా బాధ.

ఒకటి నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఆవిడకి ఆ గుర్తు నుంచి ఏం అందుతోంది? వాళ్ళమ్మ చెయ్యి లేదు అక్కడ. నా చెయ్యి ఉంది. అయినా పాఠం చెప్పడానికి క్లాసులోకి వెళ్ళే ముందు ఆ మూల ఒకసారి తడుముకుంటే గొంతు నిలబడుతుందని ఆవిడే చెప్పారు. అబద్ధానికి అంత పని చేసే శక్తి ఎక్కడిది? ఆ శక్తి గుర్తుదా, ఆవిడదా? ఆవిడదే అయితే నేను తీసుకున్నదేమిటి? ఇలా అనుకుంటూ అనుకుంటూ, నేనేమీ తీసుకోలేదని తేల్చుకోబోయిన రోజులున్నాయి.

మా పాప పుట్టాక అలా తేల్చుకోవడం కుదరలేదు. దానికి నిద్ర రావాలంటే నా పాత నైటీ ఒకటి పట్టుకోవాలి. అది మరీ మురికిగా ఉందని, అలాంటిదే ఇంకోటి, అదే రంగుది, ఉతికి ఉతికి మెత్తబడ్డది ఇచ్చి చూశాను. అవసరం కొద్దీ కాదు. కనిపెడుతుందా లేదా చూద్దామని. రెండేళ్ళు నిండని పిల్ల. ముక్కుకి ఆనించుకుంది, విసిరికొట్టింది, నా వంక కోపంగా చూసింది. ఏడవలేదు. చూసింది, అంతే. పాతది తెచ్చి ఇచ్చేదాకా అలా చూస్తూనే ఉంది. నాకేమైనా అయితే దీనికి నా నుంచి మిగిలేది ఇలాంటి గుడ్డ ముక్కే కదా. దాన్ని ఎవరో తెలివైనామె బాగా ఉతికి, అచ్చం అలాగే తయారుచేసి దీని చేతికిస్తే? ఇది పెద్దదై, అడగడానికి మొహమాటపడి, నమ్మేస్తే?

పిల్ల కనిపెట్టింది. సుభద్ర గారు ఎందుకు కనిపెట్టలేదు? లేక కనిపెట్టే అడిగారా, "ఇంత చిన్నదాండీ" అని? ఆవిడకి తెలిసి కూడా ఊరుకున్నారేమో అన్న ఊహ నాకు ఊరటలా ఉండేది. తర్వాత ఆ ఊహ కూడా దొంగతనమే అనిపించింది. తప్పు నాదైతే, దాన్ని మోసే పని కూడా ఆవిడకే అప్పజెప్పినట్టు కదా.

ఈ నెల మొదట్లో కోటు నా దగ్గరికి తిరిగి వచ్చింది. బాగుచేయడానికి. మోచేతుల దగ్గర నూలు పలచబడింది, ఒక జేబు అడుగు ఊడింది. అన్నిటికన్నా అరిగింది ఆ లోపలి పట్టీ. ఉతికేటప్పుడు ఆ మూల తడవనిచ్చేవారు కాదట, అయినా తడిమి తడిమి పోగులు లేచాయి. పసుపు దాదాపు పోయింది. వెలుతురుకి పట్టుకుంటే తప్ప ఏమీ కనపడదు. సుభద్ర గారు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపించారు. "మోచేతులు ఎలాగైనా పరవాలేదమ్మా, అమ్మ వేలు పోతోంది. దాన్ని పోకుండా ఆపడానికి ఏదైనా దారి చూడు. నీ చేతిలో ఉంది."

నా చేతిలోనే ఉంది. గిన్నెలో పసుపు, చుక్క డికాక్షన్, ఒక్క అద్దు. ఈసారి కాస్త పెద్దగా కూడా అద్దొచ్చు. ఆవిడ సంతోషిస్తారు. ఇంకో ఆరేళ్ళు గడుస్తాయి. ఆ తర్వాత ఆవిడ కూతురు తడుముకుంటుంది.

మోచేతులకి అతుకులు వేశాను. జేబు కుట్టాను. పట్టీ ముట్టుకోలేదు. పాపని మా అత్తగారికి ఇచ్చి, డాబా మీదికి వెళ్ళి, ఫోన్ చేశాను.

"మేడమ్, ఆ గుర్తు మీ అమ్మగారిది కాదండి."

"ఏంటి?"

"మీరు వద్దన్నా తడిపానండి. ఎండలో ఆరేశాను, పోయింది. తర్వాత నేను పెట్టాను. ఆ వేలు నాది."

అవతల కాలేజీ చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. ఎవరో పిల్లలు పరిగెత్తారు. ఆవిడ ఊపిరి వినపడింది. గంట మోగింది.

"క్లాసుంది" అన్నారు.

ఫోన్ పెట్టేశారు. ఎప్పుడూ చివర ఉంటానమ్మా అనేవారు.

కోటు సిద్ధంగా ఉందండి అని తర్వాత మెసేజ్ పెట్టాను. చూశారు. జవాబు లేదు. తీసుకెళ్ళడానికి ఎవరినీ పంపలేదు. నేనే ఇచ్చి వద్దామా అనుకుంటాను, ఆవిడ గుమ్మం ముందు నిలబడితే తలుపు తీయక తప్పదు కదా ఆవిడకి, అందుకని వెళ్ళడం లేదు. కోపమో, దుఃఖమో, అసహ్యమో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంది. అది తెలుసుకునే హక్కు నాకు లేదు. మనుషుల బీరువాలు తెరిపించి చూసే నాకు ఈ తలుపు మూసేశారు. సరైన పనే చేశారు.

చెప్పేశావు కదా, ఇంక మాతో ఎందుకు అంటారేమో. ఆవిడకి మొత్తం చెప్పలేదు. తడిపాను, ఎండలో పోయింది అని చెప్పాను. వింటే అది పొరపాటులా వినిపిస్తుంది. అలా వినిపించేలాగే చెప్పాను. ఆరేళ్ళు నాకు నేను కూడా అలాగే చెప్పుకున్నాను.

ఆ రోజు డాబా మీద చీర తీగ మీద వేస్తే, ఆ మూల వెనక్కి, గోడ నీడలోకి పడింది. అక్కడే ఉంటే గుర్తు ఉండేది. పసుపు ఎండకి పోతుందని నాకు తెలుసు, తెలియని ఆడపిల్ల ఈ ఊళ్ళో ఉండదు. నేను దాన్ని తిప్పాను. ఎండ వైపు పరిచాను. కదలకుండా క్లిప్పు పెట్టాను. ఎందుకంటే ఆ మూల ఉన్నంతకాలం సుభద్ర గారు నా కోటుని చూడరు, ఆ వేలినే చూస్తారు. అంతకాలం ఆలోచించి, గీసి, ఒక మనిషి ఏళ్ళ తరబడి వేసుకునే బట్ట చేస్తుంటే, చనిపోయిన ఒకావిడ ఊరికే వేలు అద్ది నాకన్నా ముందు నిలబడింది. నాకు కిట్టలేదు. పోతే ఏమవుతుందో చూద్దామని కూడా అనిపించింది.

తెలిసే చేశాను. ఈ ముక్క ఇంతవరకు నా మనసులో కూడా చివరిదాకా అనుకోలేదు. ఎవరైనా క్షమిస్తారని రాయడం లేదు. క్షమించాల్సిన మనిషి మీరు కాదు. పాప కదిలింది, వెళ్ళాలి. తెలిసే చేశాను.